ఫ్రిజ్ దగ్గర చెప్పులు: ఇంటి రిపేర్లప్పుడు గోడ లోపల జరిగేది

హనుమకొండలో మా అమ్మ ఇంట్లో ఫ్రిజ్ ముందు ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులు ఉండేవి. వంటింట్లోకి ఎవర్నీ చెప్పులతో రానివ్వని అమ్మ ఆ ఒక్క జతను మాత్రం ఏమీ అనేది కాదు. సెలవులకు వెళ్లినప్పుడు మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేయబోతే చాలు, వెనక నుంచి కేక వినిపించేది: “చెప్పులేస్కొని పట్టుకో బిడ్డా, జర జివ్వుమంటది.”

అది 1991లో కట్టిన ఇల్లు. 2019లో వంటిల్లు మార్చాం. కొత్త గ్రానైట్ గట్టు, గోడలకు టైల్స్, కింద అరలు, పొయ్యి మీద చిమ్నీ. ఫ్రిజ్ సంగతి అమ్మ ఎలక్ట్రీషియన్‌కు చెప్పింది. అతను ఆ బోర్డు విప్పి, ఐదు నిమిషాలు ఏదో చేసి, బిగించేసి “ఇగ కొట్టదమ్మా” అన్నాడు. నిజంగానే కొట్టలేదు. చెప్పుల జత గుమ్మం బయటికి వెళ్లిపోయింది. మేమంతా సంతోషించాం.

మూడేళ్ల తర్వాత ఏసీ పెట్టించడానికి వేరే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. లైను ఎక్కడి నుంచి లాగాలా అని చూస్తూ ఫ్రిజ్ బోర్డు కూడా విప్పాడు. “అక్కా, ఒకసారి ఇటు రా” అని పిలిచాడు. సాకెట్ వెనకాల న్యూట్రల్ మర నుంచి ఎర్త్ మరకు రెండంగుళాల నల్ల తీగ ముక్క బిగించి ఉంది. చిటికెన వేలంత కూడా లేదు. గోడలోంచి రావాల్సిన పచ్చ తీగ అసలు ఆ బోర్డు దాకా రానే లేదు. “ఇది తీసేదాకా ఎవరూ ఫ్రిజ్ ముట్టుకోవద్దు” అని, వెంటనే మెయిన్ ఆపేశాడు.

మూడేళ్లపాటు మేం బాగైందనుకున్నది బాగుకాలేదు, ఇంకా చెడింది. అంతకుముందు ఫ్రిజ్ జివ్వుమని హెచ్చరించేది. ఆ ముక్క పెట్టాక హెచ్చరిక పోయి, ప్రాణం తీయగల దారి ఒకటి తెరుచుకుంది. ఇల్లు బాగుచేయించుకునే ప్రతి ఒక్కరికీ ఇది అర్థం కావాలన్నదే నా ఆరాటం. ఎందుకంటే రంగులు, టైల్స్ అందరూ దగ్గరుండి చూసుకుంటారు. తీగల దగ్గరికి వచ్చేసరికి “బల్బు వెలిగిందా, ఫ్యాను తిరిగిందా” అన్నదే పరీక్ష అయిపోతుంది. వెలగడానికి రెండు తీగలు చాలు. బతకడానికి మూడోది కావాలి.

మూడో తీగ పని

స్తంభం నుంచి ఇంటికి మామూలుగా రెండు తీగలొస్తాయి. ఒకటి ఫేజు, 230 వోల్టులది. రెండోది న్యూట్రల్, కరెంటు తిరిగి వెళ్లే దారి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఈ న్యూట్రల్‌ను భూమిలోకి దింపుతారు. అందువల్ల భూమి కూడా ఒక తిరుగు దారి అవుతుంది. ఉత్త కాళ్లతో నేల మీద నిలబడి ఫేజు ముట్టుకుంటే ఒంట్లోంచి కరెంటు వెళ్లేది ఆ దారినే. అమ్మ చెప్పులు చేసిన పని ఆ దారిని తెంచడం.

మూడోది ఎర్త్. దీన్ని చాలామటుకు ఇంటి దగ్గరే తయారుచేసుకుంటాం. పెరట్లోనో ప్రహరీ పక్కనో గుంత తీసి, జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు గానీ ప్లేటు గానీ దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెడతారు. అక్కడి నుంచి తీగ ఇంటి డీబీకి, అంటే ఇంట్లోని లైన్లన్నీ విడిపోయే స్విచ్చుల పెట్టెకు, డీబీ నుంచి ప్రతి మూడు పిన్నుల సాకెట్‌కు వెళ్లాలి. ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పై పిన్ను దీనిదే. పొడుగు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర వదలాలి. ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, గ్రైండరు వంటి వాటి ఇనుప ఒంటిని ఈ పిన్ను భూమికి కట్టేస్తుంది. లోపల ఫేజు తీగ తొడుగు చిరిగి ఒంటికి తగిలినా, కరెంటుకు మన శరీరం కంటే సులువైన దారి సిద్ధంగా ఉంటుంది.

ఎర్త్ లేని ఫ్రిజ్ ఎందుకు జివ్వుమంటుంది? లోపలి తీగల నుంచి, మోటారు చుట్టల నుంచి ఒంటికి ఎప్పుడూ రవ్వంత కరెంటు కారుతూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. లేకపోతే మన చేతి కోసం కాచుకుని ఉంటుంది. జివ్వుమనడం అంటే ఫ్రిజ్ పాడైందనే కాదు, ముందుగా ఎర్త్ రాలేదని. మా ఇంట్లో చేయాల్సిన మరమ్మతు డీబీ నుంచి ఆ బోర్డుకు పచ్చ తీగ లాగడం. దానికి గోడకు గాడి కొట్టాలి. అప్పటికే టైల్స్ అతికించేశారు. ఆ రెండంగుళాల ముక్క పుట్టింది అక్కడే.

ఆ ముక్క వల్ల ఏమవుతుందో కాస్త నెమ్మదిగా చూడాలి. న్యూట్రల్ బాగున్నంతసేపూ దాని వోల్టేజీ భూమికి దగ్గరగానే ఉంటుంది. ఫ్రిజ్ ఒంటిని దానికి కట్టారు కాబట్టి జివ్వు ఆగిపోయింది. కానీ న్యూట్రల్ ఎప్పుడూ బాగుంటుందన్న హామీ లేదు. గాలివానకు స్తంభం నుంచి మన ఇంటికొచ్చే న్యూట్రల్ తెగవచ్చు, మీటరు దగ్గర మర వదులు కావచ్చు. ఆ క్షణంలో ఇంట్లో ఫ్యానో, లైటో, టీవీనో ఏదో ఒకటి స్విచ్ వేసి ఉంటుంది. ఫేజు ఆ ఫ్యాను గుండా వచ్చి న్యూట్రల్ తీగలోకి చేరుతుంది, కానీ ముందుకు పోవడానికి దారి లేదు. ఇల్లంతా ఉన్న న్యూట్రల్ తీగలు ఫేజులా మారిపోతాయి. “టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది” అని మనవాళ్లు చెప్పుకునేది ఈ స్థితినే. మామూలు ఇంట్లో అప్పుడు లైట్లు ఆరిపోతాయి, అంతే. మా ఇంట్లో అయితే ఆ కరెంటు నల్ల ముక్క గుండా నేరుగా ఫ్రిజ్ తలుపుకు వచ్చేది. కరెంటు పోయిందనుకుని, చీకట్లో, చెప్పుల్లేకుండా అమ్మ ఫ్రిజ్ పట్టుకుని నడిచే అవకాశం ఎంత ఉందో ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇంకో దారి ఇంతకంటే సులువు. రంగులేసేవాళ్లు బోర్డు విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తే? ముక్క ఉన్న సాకెట్‌లో ఫ్రిజ్ ఒంటికి ఆ నిమిషం నుంచే 230 వోల్టులు. మన దగ్గర ఎర్త్ రంధ్రం పైకి ఉండేలా సాకెట్‌ను ఎదురుగా చూస్తే, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. పండగ ముందు రంగులు వేయించాక ఈ ఒక్కటీ టెస్టరుతో చూసుకోవడం ఎవరైనా చేయగల పని.

ఎంసీబీ కాపాడేది తీగను

“మా ఇంట్లో అన్నీ కొత్త ఎంసీబీలే, భయం లేదు” అన్న మాట చాలా ఇళ్లలో విన్నాను. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తనే పడిపోయి లైను తెంచే స్విచ్. ఈ నమ్మకాన్ని అంకెలతో విప్పి చూద్దాం.

ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియరు, అంటే ఆంపులో వెయ్యో వంతు, వెళ్తే చురుక్కుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుంటాయి, పట్టుకున్నదాన్ని వదలాలన్నా వదలలేం. 30 దాటి కొన్ని క్షణాలు సాగితే ఊపిరి, గుండె ప్రమాదంలో పడతాయి. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. పోలికకు ఒక మాట: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఒక బల్బును వెలిగించే కరెంటు మనిషిని ఆర్పేయగలదు.

ఇప్పుడు ఎంసీబీ వైపు నుంచి చూడండి. ప్లగ్గు లైనుకు పెట్టే 16 ఆంపుల ఎంసీబీ 16 ఆంపులు హాయిగా వదులుతుంది. మనిషి ఒంట్లోంచి పోతున్న 0.23 ఆంపు దాని లెక్కలో ఒక చిన్న ట్యూబ్‌లైటు. అది పడిపోదు. పడిపోవడం దాని పని కూడా కాదు. గోడలో ఉన్న తీగ వేడెక్కి కాలిపోకుండా చూడటం దాని పని.

“ఎర్త్ ఉంది కదా, గీజరు ఇనుప ఒంటికి ఫేజు తగలగానే ఎక్కువ కరెంటు లాగి ఎంసీబీ పడుతుందిగా?” ఇది తెలివైన ప్రశ్న, చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా ఇలాగే నమ్ముతారు. లెక్క వేద్దాం. మన ఎర్త్ గుంత, మట్టి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్, అన్నీ కలిపి 10 ఓములు అనుకుందాం. మంచి ఎర్త్ కిందే లెక్క. 230ని 10తో భాగిస్తే 23 ఆంపులు. ఇళ్లలో మామూలుగా వాడే సీ రకం 20 ఆంపుల ఎంసీబీ క్షణంలో పడాలంటే అందులోంచి దాని అంకెకు ఐదు నుంచి పది రెట్లు, అంటే 100 నుంచి 200 ఆంపులు పోవాలి. 23 ఆంపులకు గంట గడిచినా పడకపోవచ్చు. ఆ గంటసేపూ గీజరు ఒళ్లే కాదు, అదే ఎర్త్ తీగకు కట్టి ఉన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ ఎంతో కొంత వోల్టేజీతో కూర్చుంటాయి.

పైగా నేలలన్నీ ఒకటి కావు. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది, ఎర్త్ బాగా దొరుకుతుంది. హైదరాబాద్‌లో, తెలంగాణలో చాలాచోట్ల కాస్త తవ్వగానే రాయి, మొరం. మే నెలలో ఆ గుంత ఎండిపోతే 10 ఓములు 50 అవుతాయి, అంతకు మించినా ఆశ్చర్యం లేదు. ఎర్త్ గుంతలో నీళ్లు పోయమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఇల్లు బాగుచేయించేటప్పుడు పెరడంతా పార్కింగ్ టైల్స్ పరిచి, గుంత మూతను కప్పేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. ఎర్త్ తీగను నీళ్ల పైపుకు కట్టిన పాత ఇళ్లలో ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేస్తే, ఆ రోజుతో ఎర్త్ పోయినట్టే. ప్లంబరుకు ఆ సంగతి తెలియదు, ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు.

ఇక్కడే ఆర్‌సీసీబీ కావాలి. దీని ఆలోచన చాలా సరళం. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని లోపలి ఒక చుట్టు గుండా వెళ్తాయి. ఎంత కరెంటు వెళ్లిందో అంతా తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చిందంటే, అది న్యూట్రల్ గుండా కాక ఇంకెక్కడి నుంచో, బహుశా ఒక మనిషి గుండా, భూమిలోకి పోతోందని అర్థం. సెకనులో మూడో వంతు కూడా తిరక్కముందే లైను తెంచేస్తుంది. ఎర్త్ 50 ఓములున్నా దీనికి ఇబ్బంది లేదు, 230ని 50తో భాగించినా 4 ఆంపులకు పైనే కదా, దానికి కావలసినది 0.03. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు కూడా ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల హద్దునే పెట్టాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఇటీవలి ఏళ్లలో దేశంలో విద్యుదాఘాతంతో పోతున్నవాళ్లు ఏటా 12 వేలకు పైనే. కొన్ని వేల రూపాయల లోపు దొరికే ఈ పెట్టె లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయన్నది నాకు మింగుడుపడదు. ఏ మాడ్యులర్ కిచెన్ ఖర్చు పక్కన పెట్టి చూసినా ఇది చిన్న మొత్తమే.

దీనికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తెలియదు, వెళ్లింది వెళ్లినట్టు తిరిగి వస్తోంది కాబట్టి. లోడు ఎక్కువైతే కూడా పట్టించుకోదు, దానికి ఎంసీబీ ఉండాల్సిందే. రెండూ ఒకే పెట్టెలో ఉండే ఆర్‌సీబీఓలు కూడా దొరుకుతాయి.

ఆర్‌సీసీబీ పెట్టాక మొదలయ్యే తంటా ఒకటుంది. మాటిమాటికీ పడిపోతుంది. పిలిస్తే వచ్చినతను “ఇది సెన్సిటివ్ ఎక్కువ, తీసేస్తే పోద్ది” అని రెండు తీగలూ కలిపేసి వెళ్తాడు. ఎన్నో ఇళ్లలో డీబీలో ఆర్‌సీసీబీ కనిపిస్తుంది కానీ కరెంటు దాన్ని దాటుకుని పక్క దారిన పోతుంటుంది. అది సాధారణంగా ఊరికే పడదు. గీజరు కాయిల్ లోపల పగిలి నీళ్లు చేరి ఉంటాయి, లేదా గేటు మీది దీపంలో వాన నీళ్లు, లేదా ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉంటాయి. మన ఇళ్లలో తరచూ కనిపించే ఇంకో కారణం ఇన్వర్టరు. ఇన్వర్టరు లైట్ల ఫేజు ఒక దారిన వచ్చి, వాటి న్యూట్రల్ ఇంకో దారిన తిరిగి వెళ్తే, ఆర్‌సీసీబీ లెక్క తప్పుతుంది. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్‌ను విడిగా లాగితే సరిపోతుంది. ఒక పూట పని. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ వస్తే ఏ లైనులో తప్పుందో చాలాసార్లు దొరికిపోతుంది. న్యూట్రల్, ఎర్త్ కలిసిన చోట మాత్రం ఎంసీబీ దించినా పడుతూనే ఉండొచ్చు, అప్పుడు న్యూట్రల్ తీగలు కూడా విప్పి చూడాలి.

లోడు కథ

ముప్పై ఏళ్ల కిందట వంటింటికి ఒక లైటు, ఒక మిక్సీ పాయింటు ఉంటే గొప్ప. ఇప్పుడు అదే గోడకు ఇండక్షన్ పొయ్యి, ఓవెన్, చిమ్నీ, కెటిల్, నీళ్ల ఫిల్టరు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 8.7 ఆంపులు లాగుతుంది. అదే లైను మీద ఇంకో 2000 వాట్ల ఓవెన్ పెడితే 17 దాటింది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీల దాకానే.

లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ అన్నది ఇప్పుడు మామూలుగా పాటించే కొలత. పైపులో ఉన్న 2.5 తీగ మోయగలిగేది 20 ఆంపుల చుట్టుపక్కలే. లోడు పెరిగి 16 ఆంపుల ఎంసీబీ పడిపోతుంటే దాని చోట 32 పెట్టడం ఇల్లు తగలబడటానికి రాసుకున్న ఒప్పందం లాంటిది. అప్పుడు ఎంసీబీ పడకముందే తీగ కాలుతుంది. వెనకటికి ఫ్యూజు తీగ పోయిందని లావుపాటి రాగి పోగులు చుట్టేవాళ్లు చూశారా, అదే తప్పుకు ఇది కొత్త రూపం.

మంటలు చాలావరకు తీగ మధ్యలో పుట్టవు, అతుకు దగ్గర పుడతాయి. మా ఇంటి పాత బోర్డుల్లో కొన్నింటికి అల్యూమినియం తీగ ఉండేది. దానికి కొత్త రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టారు. ఈ రెండు లోహాలూ పొసగవు. తేమ తగిలితే అతుకు తినేసుకుపోతుంది, అల్యూమినియం పైన పొర కట్టి కరెంటుకు అడ్డుపడుతుంది, అక్కడే వేడి. ఏసీ ఎలక్ట్రీషియన్ టేపు విప్పితే లోపల పచ్చని చిలుము, పక్కన పెళుసెక్కి గోధుమ రంగుకు తిరిగిన తొడుగు కనిపించింది. గోరుతో గీకితే పొడిలా రాలింది. ఇలాంటి అతుకులు ఫాల్స్ సీలింగ్ పైనో, కదలని అల్మారా వెనకో ఉండిపోతే మళ్లీ ఎవరికీ కనపడవు. అతుకు తప్పనిసరైతే అది విప్పి చూడగలిగే పెట్టెలోనే ఉండాలి, పైపు మధ్యలో కాదు. పాత అల్యూమినియం తీగలున్న ఇంట్లో టైల్స్ మార్చేముందే తీగలు మార్చండి. గోడ ఎలాగూ పగులుతోంది, రెండోసారి పగలగొట్టడం కంటే అదే చవక.

లోపల పెంచిన లోడు బయటికి కూడా చెప్పాలి. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని కిలోవాట్లలో ఉంటుంది. రెండు ఏసీలు పెట్టి అది మార్చుకోకపోతే సర్వీసు వైరు, మీటరు దగ్గరి మరలు భారం మోస్తాయి. న్యూట్రల్ వదులయ్యేది అలాంటి చోట్లనే.

పని జరుగుతున్న రోజుల్లో

ఇల్లు బాగుచేయించేటప్పుడు మొదటి ప్రమాదం ఇంటివాళ్లది కాదు, పనివాళ్లది. టైల్స్ కోసే మిషను తీగ చివర ప్లగ్గు ఉండదు. రెండు తీగల కొసలు ఒలిచి సాకెట్‌లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఆ తీగ మధ్యలో రెండు మూడు అతుకులు, అవి నేల మీద నీళ్లలో, ఆ నీళ్లలోనే పనివాడి ఉత్త కాళ్లు. టైలు కోసేటప్పుడు ధూళి లేవకుండా నీళ్లు పోస్తూనే ఉండాలి మరి. ఈ దృశ్యం మన ఊళ్లలో ఏ పని జరిగే ఇంట్లోనైనా కనిపిస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, మూడు తీగల కేబులు, ఆర్‌సీసీబీ ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఈ మూడూ ఇంటి యజమానే కొని పెట్టాలి. అతను మన ఇంటి కోసం తడిలో నిలబడ్డాడు.

మెయిన్ ఆపితే అంతా ఆగినట్టు కాదు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే ఇన్వర్టరు మేలుకుంటుంది, ఫ్యాన్ల, లైట్ల లైన్లలో అదే 230 వోల్టులు. ముందు ఇన్వర్టరు అవుట్‌పుట్ ఆపాలి, తర్వాత మెయిన్, ఆ తర్వాత టెస్టరు. టెస్టరును కూడా ముందు పని చేస్తున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతుందో లేదో చూసుకుని, అప్పుడు విప్పబోయే బోర్డులో పెట్టాలి. పాడైన టెస్టరు కరెంటు లేదనే చెబుతుంది. పైకప్పు మీద సోలార్ పలకలుంటే, గ్రిడ్ పోగానే ఇంటి వైపు ఇన్వర్టరు ఆగుతుంది కానీ పలకల నుంచి కిందికి వచ్చే డీసీ తీగల్లో ఎండ ఉన్నంతసేపూ కరెంటు ఉంటుంది.

స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది, కానీ హోల్డరులో కరెంటు లేదని ఖాయం కాదు. స్విచ్ ఫేజు మీద ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెడితే బల్బు ఆరుతుంది, హోల్డరు మాత్రం ఫేజుతోనే ఉంటుంది. ఫ్యాను తుడిచేటప్పుడు, బల్బు మార్చేటప్పుడు షాక్ కొట్టిందంటే కారణం ఇది కావచ్చు.

గోడకు డ్రిల్లు పెట్టేముందు స్విచ్‌బోర్డు వైపు చూడండి. పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిటారుగా పైకి స్లాబు దాకా పోతాయి, కొన్నిసార్లు కిందికి, పక్కకి కూడా. బోర్డుకు సూటిగా పైన, కింద మేకు కొట్టకపోవడం మంచిది. గాడి కొట్టి పైపులు వేసిన రోజే, సిమెంటు పూయకముందే, ప్రతి గోడనూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఆ ఫొటోలే మీ ఇంటి పటం.

ఎవరికైనా షాక్ తగిలి పట్టుకుపోతే లాగడానికి చెయ్యి వేయకండి, మీరూ అంటుకుపోతారు. మెయిన్, ఇన్వర్టరు ఆపండి. అందకపోతే పొడి కర్రతో నెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు దాకా గట్టిగా నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

ఇంటి బయట రెండు మాటలు. బట్టలారేస్తూ కరెంటు తగిలి చనిపోయారన్న వార్త మన పత్రికల్లో ప్రతి వానాకాలం కనిపిస్తుంది. ఇనుప తీగ దండెం ఒక కొస సర్వీసు వైరు మోసే ఇనుప పైపుకు కట్టి ఉంటుంది. గాలికి ఊగి ఊగి వైరు తొడుగు అరిగి పైపుకు తగులుతుంది. తడి బట్ట, తడి చెయ్యి, తడి నేల. దండేనికి నైలాన్ తాడు కట్టండి, దాన్ని కరెంటు పైపుకు కట్టకండి. ఇక పై అంతస్తు వేసేవాళ్లు పక్కన పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు పక్కకి కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్ల దూరం ఉండాలన్నది ముందే కొలుచుకోవాలి. అంతకంటే దగ్గరైతే గోడ లేపకముందే విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి లైను జరిపించుకోవాలి. ఫిర్యాదులకు 1912.

మా ఇంట్లో ఆ తర్వాత వైర్‌మన్ పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే మొత్తం పని చేయించాం. అతను చేసిన వాటిలో నాకు బాగా నచ్చినది చివరి గంట. అన్ని వస్తువుల ప్లగ్గులూ తీయించి, మెగ్గర్ అనే కొలిచే పరికరంతో 500 వోల్టులు పెట్టి ప్రతి లైనులో తీగలకు, ఎర్త్‌కు మధ్య నిరోధం కొలిచాడు. ఒక మెగా ఓముకు, అంటే పది లక్షల ఓములకు, తగ్గకూడదట. వరండా లైను తగ్గింది, గేటు దీపం దగ్గర తీగ మార్చాడు. ఎర్త్ గుంత కొత్తగా తీయించి దాని నిరోధం కూడా కొలిచి, డీబీ తలుపు లోపల కాగితం మీద అంకె, తేదీ రాసి అంటించాడు. వంటింట్లో నాలుగు టైల్స్ పగలగొట్టక తప్పలేదు. అదే రంగు టైల్స్ దొరకలేదు, అక్కడ ఇప్పటికీ అతుకు కనిపిస్తుంది.

వెళ్లేముందు అతను అమ్మకు ఆర్‌సీసీబీ మీద ‘టీ’ అని రాసి ఉన్న చిన్న బటన్ చూపించాడు. “నెలకొకసారి ఇది నొక్కు అమ్మా. టప్పున పడాలె. పడకపోతే నాకు ఫోన్ చెయ్యి.” అమ్మ గుర్తుంచుకోవడానికి సులువని పింఛను పడే రోజును పెట్టుకుంది. ఆ రోజు బ్యాంకు మెసేజ్ రాగానే స్టూలు వేసుకుని ఎక్కి బటన్ నొక్కుతుంది. ఇల్లంతా ఒక్క క్షణం ఆగిపోతుంది. మళ్లీ పైకి ఎత్తి, నాకు ఫోన్ చేసి “పడ్డది బిడ్డా” అని చెబుతుంది.